బీరు, తిండి సీటు దగ్గరికే తెచ్చే సినిమా హాలుకి మొదటిసారి వెళ్తున్నారా?

టెక్సస్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి ముందే చెప్తున్నా, ఇక్కడ ఇంటర్వెల్ ఉండదు. రెండున్నర గంటల సినిమా అయినా ఆపరు, కాబట్టి తిండి, బీరు, బాత్రూమ్ అన్నీ ముందే చూసుకోవాలి.

అరగంట ముందే వెళ్లండి. 1997లో ఆస్టిన్‌లో మొదలైన అలమో డ్రాఫ్ట్‌హౌస్ లాంటి చోట సీటు నంబరు టికెట్ మీదే ఉంటుంది, తొందర సీటు కోసం కాదు, లైట్లు ఉండగా మెనూ చదువుకోడానికి. కొన్నిచోట్ల చీటీ మీద రాసి ముందున్న బల్ల అంచున నిలబెడితే సర్వర్ నడుం వంచి చప్పుడు లేకుండా వచ్చి తీసుకెళ్తారు, కొన్నిచోట్ల క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఆర్డర్ పెట్టాలి. ఆర్డర్ అయ్యాక ఫోన్ లోపల పెట్టేయండి. మెసేజ్‌లు చేస్తోందని అలమోలో ఒకామెని బయటికి పంపేస్తే ఆవిడ తిడుతూ వాయిస్‌మెయిల్ వదిలింది, దాన్నే 2011లో సినిమాకి ముందు హెచ్చరికగా వేశారు! ఈలలు, కాగితాలు కావాలంటే మామూలు మల్టీప్లెక్స్‌కే పోండి.

చీకట్లో తినాలి కదా, ఫ్రైస్, పిజ్జా, పాప్‌కార్న్ లాంటివే హాయి. బర్గర్ కొరికితే సాస్ వెనకనుంచి జారి చొక్కా మీద పడుతుంది, ఆ సంగతి లైట్లు వేసేదాకా తెలియదు. మెనూలో వేరేగా రాసి లేకపోతే బర్గర్ అంటే బీఫే అనుకోండి.

బీరుకి 21 నిండాలి, ఐడీ చూపించాలి. మా నాన్నకి అంత తెల్ల మీసం ఉన్నా అడిగారు, పాస్‌పోర్టేమో ఇంట్లో ఉండిపోయింది, ఆయన కోక్ తాగుతూ సినిమా మానేసి నా వైపే చూశారు. పైంట్ అంటే 473 మిల్లీలీటర్లు, మన పెద్ద సీసా కంటే తక్కువే, కానీ ఐపీఏ అనే రకం బీరుకి చేదు, కిక్కు రెండూ ఎక్కువ, కింగ్‌ఫిషర్ అలవాటైనవాళ్లు ఆ రకమే అయిన లాగర్ అడగండి. ఆస్టిన్ దగ్గర రౌండ్ రాక్‌లోని ఫ్లిక్స్ బ్రూహౌస్ అనే హాల్లో అయితే బీరు వాళ్లే తయారుచేస్తారు. కారు తోలేవాళ్లు మాత్రం ముట్టుకోవద్దు.

బిల్లు సినిమా అయ్యేలోపే, చాలాసార్లు సరిగ్గా క్లైమాక్స్ వేడెక్కేటప్పుడే వస్తుంది. సర్వీస్ చార్జ్ కలిపారో లేదో చూసి, కలపకపోతే 18 నుంచి 20 శాతం టిప్ రాయండి. కార్డు ముందే పై జేబులో పెట్టుకుంటే చీకట్లో పర్సు వెతుక్కునే పని ఉండదు.