కుటుంబ వ్యాపారాలకు యూనివర్సిటీ కార్యక్రమాలు: దరఖాస్తు ఎలా చేసుకోవాలి?

వ్యాపారం చేసే కుటుంబాలు చాలావరకు గొడవ ముదిరాకే బయటివాళ్ల సాయం వెతుకుతాయి. అప్పటికి మాటలు ఆగిపోయి, వ్యవహారం లాయర్ల చేతికి వెళ్లిపోయి ఉంటుంది. యూనివర్సిటీల్లోని కుటుంబ వ్యాపార కేంద్రాలు ఎక్కువగా పనికొచ్చేది అంతకు ముందే. నాన్న, పిల్లలు, బాబాయిలు ఇంకా ఒకే గదిలో కూర్చోగలుగుతున్నప్పుడే దరఖాస్తు పెట్టుకోండి.

ఈ కేంద్రాలు కొత్తగా పుట్టినవేమీ కావు. అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ 1985లోనే ఇలాంటి కార్యక్రమం మొదలుపెట్టింది. ముంబైలోని ఎస్పీజేఐఎంఆర్ అనే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ 1997లో కుటుంబ వ్యాపారాల వారసుల కోసమే ఒక కోర్సు తెచ్చింది. ఇవి చేసే పని ముఖ్యంగా వారసత్వం, వాటాలు, జీతాలు, పెత్తనం గురించి ఇంట్లో మాట్లాడుకోవడానికి ఒక పద్ధతి నేర్పడం. మీతో పోటీలో లేని వేరే కుటుంబాలతో కలిపి కూర్చోబెడతాయి కూడా. ఆస్తి తగాదాల్లో తీర్పు చెప్పడం, పన్ను లెక్కలు వేసిపెట్టడం మాత్రం వీటి పని కాదు.

ముందు ఏది కావాలో తేల్చుకోండి

సాధారణంగా మూడు రకాలుంటాయి. ఏడాదికోసారి చందా కట్టి, చర్చలకూ వర్క్‌షాపులకూ కుటుంబమంతా వెళ్లే సభ్యత్వం ఒకటి. కొన్ని రోజులపాటు నలుగురైదుగురు కలిసి హాజరయ్యే చిన్న కోర్సు రెండోది. వ్యాపారంలోకి వచ్చే తరం చదివే పూర్తికాలపు కోర్సు మూడోది. డిగ్రీ, మార్కులు, ప్రవేశ పరీక్ష లాంటివి ప్రధానంగా ఈ మూడోదానికే అడుగుతారు. అబ్బాయికో అమ్మాయికో సీటు వస్తే చాలు, ఇల్లు చక్కబడుతుందనుకుని చాలామంది నేరుగా దీనికే వెళతారు. నా మాట వింటే, ఇంట్లో పెద్దలు కూడా కూర్చునే మొదటి రెండింటిలో ఏదైనా ముందు చూడండి. ఒక్కరే నేర్చుకుని వస్తే ఆ కొత్త మాటలు ఇంట్లో ఎవరికీ ఎక్కవు.

ఫారం నింపడం

వ్యాపార రిజిస్ట్రేషన్ పత్రం, గత రెండు మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, ఎవరికెంత వాటా ఉందో చూపే పత్రం, హాజరయ్యేవారి గుర్తింపు పత్రాలు, చదువు, అనుభవం వివరాలు సిద్ధంగా పెట్టుకోండి. జాబితా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ చూసే పంపండి. ఇవన్నీ ఒక పూటలో దొరికేస్తాయి.

కష్టమంతా కుటుంబ వివరాల పేజీలోనే. వంశవృక్షం గీసి, ఎవరు యజమాని, ఎవరు ఉద్యోగి, ఎవరు రెండూ, ఎవరు ఏదీ కాదో రాయమంటారు. దీని వెనక 1978లో హార్వర్డ్‌లో రెనాటో టాగ్యురి, జాన్ డేవిస్ రూపొందించిన మూడు వలయాల బొమ్మ ఉంది. కుటుంబం, యాజమాన్యం, వ్యాపారం అనే మూడు వలయాలు ఒకదాని మీద ఒకటి పడితే ఏడు గళ్లు వస్తాయి. ఇంట్లో ప్రతి ఒక్కరూ వాటిలో ఏదో ఒక గడిలో ఉంటారు. వాటా ఉండి షాపుకి రాని అక్క ఒక గడిలో, రోజంతా షాపులోనే ఉండి వాటా లేని తమ్ముడు ఇంకో గడిలో. లాభం పంచుకుందామా, వ్యాపారంలోనే పెడదామా అన్న ప్రశ్నకి వాళ్లిద్దరి జవాబూ ఒకటి కాదు. ఎవరి జవాబూ తప్పు కాదు.

ఒక కుటుంబం ఫారం నింపుతుంటే నేను పక్కనే ఉన్నాను. ‘తర్వాత బాధ్యత ఎవరిది?’ అన్న చోట తండ్రి పెన్నుతో పెద్దకొడుకు పేరు రాసేశారు. ఆరేళ్లుగా లెక్కలన్నీ చూస్తున్న కూతురు ఆ కాగితం చదివి, మాట్లాడకుండా టేబుల్ మీద పెట్టేసింది. పెద్దకొడుకేమో, "నాకు ఇష్టమో లేదో ఒక్కసారైనా అడిగారా నాన్నా?" అన్నాడు. ఆ రోజు ఫారం వెళ్లలేదు. తర్వాతి వారం ఆ పేరు కొట్టేసి, ‘ఇంకా నిర్ణయించుకోలేదు’ అని రాసి, ముగ్గురూ సంతకాలు పెట్టి పంపారు. అలా రాయడానికి మొహమాటపడక్కర్లేదు. తేలని విషయాన్ని తేలినట్టు రాస్తే ఇంటర్వ్యూలో ఎలాగూ బయటపడుతుంది. అందుకే ఈ పేజీని ఒక్కరే ఆన్‌లైన్‌లో నింపేయకండి. ప్రింటు తీసి అందరి ముందూ పెట్టండి.

ఇంటర్వ్యూ, ఫీజు

చాలాచోట్ల రెండు తరాలవాళ్లతోనూ మాట్లాడతారు, కొన్నిసార్లు విడివిడిగా. కంఠతా పట్టిన జవాబులు అక్కర్లేదు, టెన్షన్ పడాల్సింది కూడా ఏమీ లేదు. మీరు అడగాల్సినవి మాత్రం రాసుకుని వెళ్లండి. మేం చెప్పిన విషయాలు బయటికి పోకుండా గోప్యత ఒప్పందం ఉందా? మా కథని పేరు మార్చైనా పాఠంగా వాడుకుంటారా? కేంద్రానికి డబ్బిచ్చే బ్యాంకులు, ఆడిట్ సంస్థలు, లాయర్ ఆఫీసులు ఏవి? కొన్ని కేంద్రాలు స్పాన్సర్ల సాయంతోనే నడుస్తాయి, అందులో తప్పేమీ లేదు. కాకపోతే రేపు ఆ సంస్థలవాళ్లే సలహాదారులుగా మీ ముందు కూర్చోవచ్చు, అది ముందే తెలిసుండాలి.

ఫీజు ఎవరు కడుతున్నారో ఇంట్లో ముందే తేల్చుకోండి. కంపెనీ ఖాతా నుంచి కడితే, కోర్సుకి వెళ్లని వాటాదారులకి కూడా చెప్పాలి. ఇద్దరు ముగ్గురు కలిసి వస్తే రాయితీ, చిన్న వ్యాపారాలకు స్కాలర్‌షిప్ ఉన్నాయేమో అడగండి. అడగనివాళ్లకి ఈ సంగతే తెలియకుండా పోతుంది.

సీటు రాకపోతే కారణం అడగండి. ఇంటి పెద్ద ఒప్పుకున్నట్టు సంతకం లేదన్నదే కారణమైతే, తర్వాతి విడతకి అదే ఫైలు పనికొస్తుంది. బ్యాలెన్స్ షీట్లు మాత్రం కొత్తవి పెట్టి, ఆ సంతకం తీసుకుని పంపండి.