చిప్‌సెట్ తేడా, ర్యామ్ వేగం తేడా: మీ కంప్యూటర్లోనే కొలిచి చూడటం ఎలా?

నెల్లూరులోనో ఒంగోలులోనో కొత్త కంప్యూటరు కోసం అడిగితే రెండు కొటేషన్లు చేతికొస్తాయి. ఒకదాంట్లో హెచ్610 బోర్డు, రెండోదాంట్లో బీ660. ఇవి ఇంటెల్ చిప్‌సెట్ల పేర్లు. ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే మదర్‌బోర్డు మీది చిప్పే చిప్‌సెట్. ర్యామ్ మాత్రం రెండింట్లోనూ డీడీఆర్4 3600 అని రాసుంటుంది (డీడీఆర్4 ర్యామ్ తరం, 3600 దాని వేగం). జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. హెచ్610 ర్యామ్ ఓవర్‌క్లాకింగ్‌ను, అంటే నిర్ణయించిన వేగం దాటి నడపడాన్ని, ఒప్పుకోదు. 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్‌తో ఆ ర్యామ్ 3200 దగ్గరే ఆగిపోతుంది, 3600 కోసం పెట్టిన అదనపు డబ్బు వృథా.

అలాగని చిప్‌సెట్ పెద్దదైతే పని వేగంగా అయిపోతుందనీ కాదు. ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ఒకప్పుడు చిప్‌సెట్‌లో ఉండేది. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో మొదటి కోర్ ఐ7తో దాన్ని ప్రాసెసర్‌లోకి తెచ్చేశాయి. కాబట్టి ప్రాసెసర్, ర్యామ్ వేగం ఒకటే అయితే రెండు బోర్డుల ఫలితాలు దాదాపు ఒకేలా రావాలి. రాలేదంటే ముందు అనుమానించాల్సింది బోర్డు మీది పవర్ సర్క్యూట్‌నీ, బయోస్‌లోని (కంప్యూటరు ఆన్ చేయగానే తెరవగల బోర్డు సెట్టింగుల్లోని) పవర్ లిమిట్‌నీ, అంటే ప్రాసెసర్ వాడుకోగల కరెంటు హద్దునీ.

పోలికకు ఒకసారికి ఒక్కటే మార్చాలి. బోర్డు మారిస్తే ప్రాసెసర్, కూలర్, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ కర్రలు అవే ఉంచండి. రెండు కర్రలుంటే ప్రాసెసర్ వైపునుంచి లెక్కబెట్టి 2, 4 స్లాట్లలో పెట్టండి (రెండే స్లాట్లున్న బోర్డయితే రెండింట్లోనూ). ఒక్క కర్రతో నడిపితే బ్యాండ్‌విడ్త్ సగమే: 3200 ర్యామ్‌కు ఒక ఛానల్‌లో (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారిలో) సెకనుకు 25.6 జీబీ, రెండింట్లో 51.2 జీబీ. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో సరిపెట్టుకునేవాళ్లకు ఈ తేడా కళ్లకు కనిపిస్తుంది.

ఇప్పుడు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను డబ్బా మీది వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేసి, విండోస్‌లో సీపీయూ-జడ్ అనే ప్రోగ్రాం తెరిచి మెమరీ ట్యాబ్ చూడండి. 3200 ర్యామ్‌కు అక్కడ సుమారు 1600 కనిపిస్తుంది. కంగారు వద్దు, డీడీఆర్ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది. 1333 చూపిస్తే మాత్రం ర్యామ్ 2666 మీదే నడుస్తోందని అర్థం, ఎక్స్‌ఎంపీ పడలేదు.

డబ్బా మీది పెద్ద అంకె ఒక్కటే చూడకండి. సీఎల్‌ను (అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్‌కు పట్టే క్లాక్‌ల సంఖ్యను) 2000తో గుణించి వేగంతో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. 3200 సీఎల్16కు 10, 3600 సీఎల్18కీ 10. 3200 సీఎల్22కు 13.75. డీడీఆర్5 4800 సీఎల్40కు 16.7 దాకా పోతుంది. 3600 పెట్టినా ఫలితం పెరగకపోతే బయోస్‌లో గేర్ చూడండి. గేర్ 2లో కంట్రోలర్ ర్యామ్ క్లాక్‌లో సగం వేగంతోనే నడుస్తుంది, ఆలస్యం పెరుగుతుంది. దాన్ని గేర్ 1కు మార్చి మళ్లీ కొలవండి.

కొలతకు ముందు ర్యామ్ తప్పులు పట్టే మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ సెట్టింగు పనికిరాదు, వేగం ఒక మెట్టు తగ్గించండి. తర్వాత ఫైళ్లు కుదించే 7-జిప్‌లో టూల్స్ కింద బెంచ్‌మార్క్ నడపండి. అందులో కంప్రెసింగ్ అంకె ర్యామ్ ఆలస్యానికి బాగా స్పందిస్తుంది. ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ అంతగా స్పందించదు, కాబట్టి అది ప్రాసెసర్ సరిగ్గా నడుస్తోందో లేదో చెప్పే సాక్షి. మూడోది మీ సొంత పని: పెళ్లి ఆల్బం చేసే స్టూడియో అయితే ఒకే 200 రా (కెమెరా ప్రాసెస్ చేయకుండా ఇచ్చిన) ఫొటోలు ఎక్స్‌పోర్ట్ చేసి స్టాప్‌వాచ్‌తో సమయం రాసుకోండి. ఒక్కో పరీక్షా నాలుగుసార్లు చేసి, మొదటిది వదిలేసి, మిగతా మూడింట్లో నడిమిది తీసుకోండి. ఒకే సెట్టింగులో సారిసారికీ వచ్చే తేడా 2 శాతం ఉంటే, రెండు సెట్టింగుల మధ్య 2 శాతాన్ని తేడాగా లెక్కపెట్టకండి.

మన జిల్లాల్లో ఇంకోటి చూసుకోవాలి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఒక బోర్డునూ, తెల్లవారుజామున ఇంకో బోర్డునూ కొలిస్తే పోటీ బోర్డుల మధ్య కాదు, ఎండకూ చల్లదనానికీ మధ్య అవుతుంది. రెండూ ఒకే గదిలో, ఒకే పూట, ఫ్యాను ఒకే వేగంలో పెట్టి చేయండి. వేడి, వేగం చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం తెరిచి ఉంచితే ప్రాసెసర్ వేడికి వేగం తగ్గించుకుందో లేదో కనిపిస్తుంది. తగ్గించుకుంటే ఆ అంకెలు కొట్టేసి, చల్లబడ్డాక మళ్లీ మొదలుపెట్టండి.

ఎక్స్‌ఎంపీ పెట్టాక స్క్రీన్ నల్లగా ఉండిపోతే ర్యామ్ చెడిపోయిందనుకోకండి. కొన్ని నిమిషాలు ఆగండి. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ట్రైనింగ్‌కు (ర్యామ్‌కు సరిపడే సెట్టింగులు వెతుక్కోవడానికి) చాలా సేపు తీసుకుంటాయి. అప్పటికీ రాకపోతే ప్లగ్గు తీసేసి, బోర్డు మీది రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు బయట ఉంచి పెట్టండి. బయోస్ మొదటి సెట్టింగులకు వచ్చేస్తుంది.