కాలనీ రోడ్డు మీద స్కూలు ట్రాఫిక్: విశాఖలో అర్జీ ఎక్కడ, ఎలా పెట్టాలి

ఉదయం ఎనిమిదయ్యేసరికి మా వీధిలోంచి బండి బయటకు తీయలేం. వీధి చివర ఒక ప్రైవేటు స్కూలుంది. పిల్లల్ని దింపడానికి వచ్చిన కార్లు రెండు పక్కలా ఆగుతాయి, మధ్యలో ఆటోలు దూరతాయి, ఇంతలో స్కూలు బస్సు వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది. కిందటేడు పక్కింటి పెద్దాయనకు గుండెనొప్పి వస్తే అంబులెన్సు వీధి మొదట్లోనే ఆగిపోయింది. స్ట్రెచర్ మీద ఆయన్ని అంత దూరం మోసుకెళ్లారు. ఆ బాధలో మావాళ్లు రోడ్డుకు అడ్డంగా గొలుసు కట్టారు. రెండు రోజుల్లోనే అది తీసేయాల్సి వచ్చింది. మాది అనుకున్న రోడ్డు కాగితాల ప్రకారం మాది కాదు.

అందుకే అర్జీ రాయడానికి ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఆ రోడ్డు ఎవరిది?

లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసి ఇవ్వడం మామూలు పద్ధతి. అలా రాసిచ్చిన రోడ్డు జీవీఎంసీది, అంటే విశాఖ నగరపాలక సంస్థది. ఆ వీధిలో ఇళ్లున్నవాళ్లకు ఎంత హక్కుందో, పిల్లాణ్ణి దింపడానికి వచ్చిన తండ్రికీ అంతే హక్కుంటుంది. ప్రహరీ లోపల కట్టిన గేటెడ్ కమ్యూనిటీలో అంతర్గత రోడ్లు సొసైటీ చేతిలోనే ఉండిపోతే సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రజలకు వెళ్లే హక్కున్న దారి ఏదైనా బహిరంగ స్థలమే. కాబట్టి 'ఇది ప్రైవేటు రోడ్డు' అని బోర్డు పెట్టినంత మాత్రాన రోడ్డు ప్రైవేటు అయిపోదు.

ఇది తెలుసుకోవడానికి ముందు మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలవండి. లేఅవుట్ పాతదైతే ప్లాను వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) కాలం నాటిది అయి ఉంటుంది. 2018లో వుడా వీఎంఆర్‌డీఏగా మారింది, ఆఫీసు సిరిపురం ఉద్యోగ్ భవన్‌లో ఉంది. నోటిమాటగా చెబితే సరిపోదు, కాగితం కావాలి. జీవీఎంసీ టౌన్ ప్లానింగ్ విభాగానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. 'మా రోడ్డు ఎవరిది?' అని మాత్రమే అడిగితే అటూఇటూ కాని జవాబు రావచ్చు. ఇలా అడగండి: 'ఫలానా సర్వే నంబరులోని లేఅవుట్ ఆమోదిత ప్లాను కాపీ, అందులోని రోడ్లను స్థానిక సంస్థకు అప్పగించిన గిఫ్ట్ డీడ్ కాపీ ఇప్పించగలరు.'

రోడ్డు సొసైటీదే అని తేలితే స్కూలుతో రాతపూర్వకంగా మాట్లాడుకోవచ్చు. ఏ గేటు, ఏ వేళ, ఎన్ని బస్సులు అన్నది కాగితం మీద పెట్టుకోండి. అంబులెన్సు, ఫైరింజన్ దారికి మాత్రం ఎవరూ అడ్డు కట్టకూడదు.

రోడ్డు జీవీఎంసీది అయితే (చాలా కాలనీల్లో ఇదే తేలుతుంది) అర్జీ పెట్టాల్సిందే. ఒకే అర్జీలో అన్నీ రాస్తే అది ఆఫీసుల మధ్య తిరుగుతూనే ఉంటుంది. వన్ వే, నో పార్కింగ్, కొన్ని వేళల్లో పెద్ద బస్సుల నిషేధం ట్రాఫిక్ పోలీసులు చూసే పనులు. అలాంటి ఆంక్షలకు మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ఆధారం. పార్కింగ్ స్థలాలు నిర్ణయించడానికి 117 ఉంది. స్పీడ్ బ్రేకర్లు, రోడ్డు మీద గీతలు, ఆక్రమణల తొలగింపు జీవీఎంసీ పని. స్పీడ్ బ్రేకర్‌ను మీరే సిమెంటుతో వేయించకండి. దానికీ కొలతలున్నాయి: ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. నిటారుగా పోసిన దిమ్మె మీద ముందు పడేది స్కూటర్ వెనక కూర్చున్న పిల్లే.

అర్జీకి బలం ఇచ్చేది ఆధారాలు. పనిదినాల్లో వరసగా ఐదు రోజులు ఉదయం, సాయంత్రం ఎన్ని కార్లు, ఆటోలు, బస్సులు వచ్చాయో లెక్కపెట్టి రాసుకోండి. మా వీధిలో ఈ పని ఇద్దరు రిటైరైన మాస్టార్లు అరుగు మీద కూర్చుని చేశారు. టైము కనబడేలా ఫొటోలు తీయండి, పిల్లల ముఖాలు మాత్రం పడనివ్వకండి. చేత్తో గీసిన మ్యాపు, రోడ్డు వెడల్పు, సంతకాలు జత చేయండి. ఆ వీధి వాళ్లవే కాదు, స్కూలుకు పిల్లల్ని పంపే తల్లిదండ్రుల సంతకాలు నాలుగైనా ఉండాలి. అవి ఉంటే ఇది స్కూలుకు వ్యతిరేకంగా పెట్టిన అర్జీ కాదని చదివేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

రాసే తీరు ఇలా ఉంటే చాలు:

'విషయం: ఫలానా కాలనీ 2వ వీధిలో స్కూలు వేళల్లో వన్ వే, ఒక పక్క నో పార్కింగ్ ఏర్పాటు చేయాలని విన్నపం.

అయ్యా, మా వీధి వెడల్పు 30 అడుగులు. ఉదయం 7:45 నుంచి 8:45 వరకు, సాయంత్రం 3:30 నుంచి 4:30 వరకు రెండు వైపులా వాహనాలు నిలపడంతో అంబులెన్సు కూడా రాలేకపోతోంది. ఐదు రోజుల లెక్క, ఫొటోలు జతపరిచాం. ఆ వేళల్లో మాత్రమే తూర్పు నుంచి పడమరకు వన్ వే పెట్టి, దక్షిణం పక్కన పార్కింగ్ నిషేధించి, బోర్డులు పెట్టించగలరు. ఒక నెల ప్రయోగంగా అమలు చేసినా సంతోషం.'

ఆ చివరి వాక్యం వదలకండి. నెలకు మించని ఆంక్షకు గెజిట్ ప్రకటన అక్కర్లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే చాలని అదే 115వ సెక్షన్ చెబుతోంది. అధికారికి ఒప్పుకోవడం తేలికవుతుంది.

సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. ట్రాఫిక్ సంగతి పోలీసు కమిషనరేట్‌లో, రోడ్డు పనులు జీవీఎంసీ ప్రధాన కార్యాలయంలో. ఆధార్, ఫోన్ నంబరు అడుగుతారు. అర్జీ నంబరున్న రసీదు తీసుకోకుండా బయటకు రాకండి. వెళ్లలేనివాళ్లు అర్జీల కోసం ప్రభుత్వం నడిపే 'మీకోసం' వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చు, ఎంతవరకు వచ్చిందో 1100కు ఫోన్ చేసి అడగవచ్చు. ఒక కాపీ స్కూలు ప్రిన్సిపాల్‌కు మీ చేత్తోనే ఇవ్వండి. తరగతుల వారీగా పది నిమిషాల తేడాతో పిల్లల్ని వదలడం లాంటివి స్కూలు ఒక్కటే చేయగలదు, దానికి ఏ ఆఫీసు అనుమతీ అక్కర్లేదు.

స్థలం చూడటానికి ఎవరైనా వస్తామంటే స్కూలు వదిలే వేళకే రమ్మనండి. మధ్యాహ్నం పన్నెండుకు వచ్చి చూస్తే వీధి ఖాళీగా ఉంటుంది, రిపోర్టూ అలాగే వెళుతుంది. మాకు మొదటిసారి జరిగింది అదే. 'సమస్య లేదు' అని రాసి అర్జీ మూసేశారు. పాత నంబరు, ఐదు రోజుల లెక్క జత చేసి మళ్లీ పెట్టాం. రెండోసారి ఎస్సై గారు ఉదయం 8:10కి వచ్చి, తన జీపు మలుపు దగ్గరే వదిలేసి మా గేటు దాకా నడిచి వచ్చారు.