ట్యాంకు మూత తీసే ముందు: యాజమాన్యం బాధ్యతలు, కార్మికుని హక్కులు

వానలు మొదలయ్యేలోగా మురుగు సంపులు ఖాళీ చేయించడం, షట్‌డౌన్ సమయంలో ట్యాంకుల అడుగున పేరుకున్న మడ్డి తీయించడం, వ్యర్థజలాల శుద్ధి తొట్లు కడిగించడం మన మిల్లుల్లోనూ కంపెనీల్లోనూ ఏటా జరిగే పనులే. ఒక పూటలో ముగిసే పనిగా కనిపించడం వల్ల, శిక్షణ పొందినవారికి కాక ఆ రోజుకు దొరికిన కూలీలకు వీటిని అప్పగించే అలవాటు చాలాచోట్ల ఉంది. 2023 ఫిబ్రవరి 9న కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి. రాగంపేటలోని ఒక నూనె కర్మాగారంలో ట్యాంకు శుభ్రం చేయడానికి ఒకరి తరువాత ఒకరుగా దిగిన ఏడుగురు కార్మికులు ఊపిరాడక మరణించారు. అది విషరసాయనాలు నింపే ట్యాంకు కాదు, మనం వంటకు వాడుకునే నూనె ట్యాంకు. ఈ ఒక్క విషయాన్ని ప్రతి మిల్లు యజమానీ, ప్రతి మేస్త్రీ మనసులో ఉంచుకోవాలి.

ప్రమాదం ట్యాంకులో నిల్వ ఉన్న సరుకులో కంటే అక్కడ మిగిలిన గాలిలో ఎక్కువగా ఉంటుంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 20.9 శాతం ఉంటుంది. మూసి ఉంచిన ట్యాంకులో ఇనుము తుప్పు పట్టడానికి, అడుగున మిగిలిన మడ్డి కుళ్లడానికి ఆ ఆక్సిజనే ఖర్చవుతుంది. అది 19.5 శాతం కంటే తగ్గిన చోటికి మామూలుగా మనిషిని పంపకూడదు. 10 శాతం కంటే తగ్గితే స్పృహ తప్పుతుంది, 6 శాతానికి చేరితే నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. ఆక్సిజన్ లేకపోవడానికి వాసన లేదు, రంగు లేదు, దానివల్ల దగ్గు కూడా రాదు. అందువల్ల ‘కళ్లు తిరిగితే పైకి వచ్చేద్దాం’ అనుకుని దిగిన మనిషికి నిచ్చెన మెట్టు పట్టుకునే బలం కూడా మిగలకపోవచ్చు.

మురుగు సంపుల్లో దీనికి హైడ్రోజన్ సల్ఫైడ్ తోడవుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే ఈ వాయువు గాలి కంటే బరువైనది కనుక అడుగున చేరుతుంది. గాలిలో పది లక్షల భాగాలకు దాదాపు 100 భాగాలకు చేరేసరికి అది ముక్కుకు వాసన పట్టే శక్తినే పోగొడుతుంది కాబట్టి, వాసన తగ్గిందని నమ్మి దిగడం అన్నిటికంటే ప్రమాదకరం. దీపమో కొవ్వొత్తో దించి చూసే పాత పద్ధతిని కూడా పూర్తిగా మానుకోవాలి. లోపల మీథేన్ ఉంటే ఆ మంటే పేలుడుకు కారణమవుతుంది, మంట ఆరకుండా వెలిగినంత మాత్రాన విషవాయువు లేదని తేలదు.

చట్టం విషయానికి వస్తే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంతో పాటు మరికొన్ని చట్టాల స్థానంలో వచ్చిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 కొన్నేళ్ల నిరీక్షణ తరువాత 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. గాయానికి గానీ వృత్తి సంబంధమైన వ్యాధికి గానీ కారణమయ్యే అపాయాలు పని ప్రదేశంలో లేకుండా చూడడం యజమాని విధి అని ఆ కోడ్ చెబుతుంది. భద్రత కోసం చేసిన ఏ ఏర్పాటుకూ ఉద్యోగి నుంచి డబ్బు వసూలు చేయకూడదు కనుక, హార్నెస్ (తాడు తగిలించడానికి ఒంటికి బిగించుకునే రక్షణ పట్టీలు) ఖరీదును, బూట్ల ఖరీదును కూలిలో కోసుకోవడం చట్టవిరుద్ధం. ‘వాళ్లు కాంట్రాక్టరు మనుషులు, ఎప్పుడు దిగారో మాకు తెలియదు’ అనే మాట కూడా ఇక్కడ చెల్లదు. ఫ్యాక్టరీ ఆవరణలో యజమానికి తెలిసి ఉన్నవారైనా, తెలియకుండా ఉన్నవారైనా, వారందరి భద్రతకూ యజమానే బాధ్యుడని కోడ్ స్పష్టంగా పేర్కొంది. విధుల ఉల్లంఘన వల్ల మరణం సంభవిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఆ జరిమానాలో కనీసం సగం మృతుని వారసులకు చెల్లించాలని న్యాయస్థానం ఆదేశించవచ్చు.

అయితే మూత తీసే రోజున ఏమి చేయాలో తెలుసుకోవడానికి పాత చట్టం 36వ సెక్షన్ కంటే తేటైన కొలమానం నాకు కనిపించలేదు. లోపలి వాయువును తొలగించడానికి వీలైన చర్యలన్నీ తీసుకున్న తరువాత, అర్హత గల వ్యక్తి స్వయంగా పరీక్షించి ప్రమాదం లేదని రాతపూర్వకంగా ధ్రువీకరించాలి, లేదా దిగే మనిషి శ్వాస పరికరం ధరించి, నడుముకు కట్టిన తాడు కొస బయట ఉన్నవారి చేతిలో ఉండగా దిగాలి అని అది చెప్పింది. ఈ కాలంలో పర్మిట్ అని మనం పిలిచే కాగితానికి మూలం ఇదే. ఆఫీసు గదిలో కూర్చుని నింపిన పర్మిట్‌కు విలువ లేదు. మూత దగ్గర నిలబడి, గ్యాస్ మీటరు అంకె చూసి, వేళ రాసి సంతకం చేసినప్పుడే అది పర్మిట్ అవుతుంది.

అన్నిటికంటే ముందు, మనిషి దిగకుండా పంపుతో, నీటి ఒత్తిడితో, పొడవాటి పైపుతో ఆ పని పూర్తవుతుందా అని యాజమాన్యం తేల్చుకోవాలి. దిగక తప్పదని తేలితే, ట్యాంకుకు వచ్చే ప్రతి గొట్టాన్నీ బిళ్ల వేసి మూసివేయాలి, కేవలం వాల్వు తిప్పి వదిలేయడం చాలదు. లోపల తిరిగే యంత్రం ఉంటే కరెంటు తీసి, స్విచ్‌కు తాళం వేసి, ఆ తాళంచెవిని దిగే మనిషికే ఇవ్వాలి. తరువాత బ్లోయరుతో తాజా గాలి పంపాలి. గాలికి బదులు సిలిండరులోని ఆక్సిజన్ వదిలితే చిన్న నిప్పురవ్వకే మంటలు చెలరేగుతాయి. గ్యాస్ మీటరుతో మొదట ఆక్సిజన్‌ను, తరువాత మండే వాయువులను, ఆపైన విషవాయువులను పరీక్షించాలి. మండే వాయువులను కొలిచే సాధారణ మీటరుకు ఆక్సిజన్ తక్కువైతే సరైన అంకె చూపడం సాధ్యం కాదు కనుకనే ఈ వరుస. పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా కొలవాలి. బురద కదిపినప్పుడు అందులో చిక్కుకున్న వాయువు ఒక్కసారిగా బయటకు వస్తుంది కాబట్టి పని జరుగుతున్నంతసేపూ మీటరు, బ్లోయరు నడుస్తూనే ఉండాలి. చేతిదీపం 24 వోల్టులకు మించకూడదు. ముఖానికి కట్టుకున్న తడి తువ్వాలు గానీ, దుమ్ము మాస్కు గానీ ఇక్కడ ఎందుకూ పనికిరావు. రసాయన వడపోత ఉన్న మాస్కు సైతం లేని ఆక్సిజన్‌ను తెచ్చిపెట్టలేదు.

కార్మికునికీ విధులున్నాయి. తన భద్రతతో పాటు తోటివారి భద్రతను చూసుకోవడం, ఇచ్చిన పరికరాలను వాడడం, వాటిని పాడుచేయకపోవడం, ప్రమాదకరమైన పరిస్థితి కంటబడితే వెంటనే తెలియజేయడం వాటిలో ముఖ్యమైనవి. చెమట పడుతోందని హార్నెస్ విప్పి పక్కన పెట్టడం ఈ విధిని మీరడమే. దీనికి సమానంగా హక్కు కూడా ఉంది: ప్రాణాపాయం పొంచి ఉందని సహేతుకంగా అనుమానం కలిగితే యజమానికి చెప్పి, అదే సమయంలో కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ దృష్టికి తీసుకువెళ్లవచ్చు. అపాయం ఉన్నట్లు తేలితే యజమాని వెంటనే సరిదిద్దాలి, ఆయన అంగీకరించకపోతే ఇన్‌స్పెక్టరుదే తుది నిర్ణయం. ‘మీటరు అంకె చూపించండి’ అని అడిగిన కూలీని పనికి బద్ధకించాడని నిందించడం నా దృష్టిలో క్షమించరాని తప్పు.

సెప్టిక్ ట్యాంకులకు, మురుగు కాలువలకు మరింత కఠినమైన చట్టం ఉంది. చేతులతో పాకీపని చేయించడాన్ని నిషేధించే 2013 నాటి చట్టం ప్రకారం, రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని వాటిలోకి దింపడం మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడగల నేరం. మురుగు కాలువల్లో మరణించినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు ఆదేశించింది.

చివరిగా, పైన కాపలా ఉండే మనిషి గురించి చెప్పాలి. లోపలివారు పని ముగించి బయటకు వచ్చేవరకు అతనికి వేరే పని అప్పగించకూడదు, టీ తెమ్మని కూడా పంపకూడదు. లోపలి మనిషి పలకడం మానేస్తే అతడు దిగకూడదు. తమ్ముడో, ఒకే ఊరివాడో కింద పడి ఉంటే కాలు ఆగదని తెలుసు, కానీ రెండవ మరణం, మూడవ మరణం జరిగేది సరిగ్గా ఆ క్షణంలోనే. అతడు కేక వేసి మనుషులను పిలవాలి, మూడు కాళ్ల స్టాండుకు బిగించిన చక్రంతో హార్నెస్ తాడును పైకి లాగాలి, 101కు, 108కి ఫోన్ చేయించాలి, బ్లోయరును ఆపకుండా నడిపించాలి. ఈ నాలుగు పనులనూ పని మొదలయ్యే రోజు ఉదయమే, ఖాళీ ట్యాంకు పక్కన ఇసుక మూట కట్టి లాగించి, అతనిచేత ఒకసారి చేయించి చూడాలి.