జీవితచరిత్ర డాక్యుమెంటరీలో పాత ఫొటోలు, పాత రీళ్లు ఎలా వాడాలి

ముందు పట్టిక, తర్వాతే స్క్రిప్టు. చేతికొచ్చిన ప్రతి ఫొటోకీ, ఉత్తరానికీ, రీలుకీ ఒక నంబరు వేయండి. అది ఎక్కడ దొరికింది, ఎవరు తీశారు, ఏ తేదీది, ఆ తేదీకి ఆధారం ఏమిటి, హక్కులు ఎవరివి అన్న గడులు నింపండి. ఆధారం గడి ఖాళీగా ఉంటే తెరమీద ఆ బొమ్మ కింద ఏడాది వెయ్యొద్దు. ఫొటో వెనక రాసున్న తేదీని గుడ్డిగా నమ్మలేం, ఎన్నో ఏళ్ల తర్వాత ఇంట్లోవాళ్లు గుర్తు తెచ్చుకుని రాసిందై ఉండొచ్చు.

ఒకే సంఘటనకు ఉత్తరంలో ఒక తేదీ, పత్రికలో మరో తేదీ కనిపిస్తే క్యాలెండరు కూడా చూడండి. రష్యా 1918 మొదటిదాకా ఇప్పటి క్యాలెండరుకు 13 రోజులు వెనకుండే పాత జూలియన్ లెక్కే వాడింది. అక్టోబరు విప్లవం ఇప్పటి లెక్కలో 1917 నవంబరు 7న పడేది అందుకే.

ఫుటేజీ విషయంలో ఇంకాస్త ఎక్కువ అనుమానం ఉండాలి. ఆ విప్లవంలో వింటర్ ప్యాలెస్ అనే రాజభవనం మీద దాడి అంటూ తరచూ చూపించే దృశ్యాలు సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్ 1927లో తీసిన కథాచిత్రంలోవి. ఒకే క్షణం రెండు మూడు కోణాల్లో కనిపిస్తున్నా, కెమెరా మరీ అనుకూలమైన చోట ఉన్నా అది మళ్లీ నటింపజేసి తీసిందేమో వెతకాలి. అలాంటిది వాడటం తప్పు కాదు, చెప్పకుండా వాడటమే తప్పు.

స్కానింగులో లెక్క ముందే వేసుకోవాలి. 4కె ఫ్రేము వెడల్పు 3840 పిక్సెళ్లు. ఫొటోలో సగం వెడల్పు దాకా దగ్గరికి వెళ్లాలంటే స్కాను 7680 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి. ఆరంగుళాల ప్రింటు 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, 3600 పిక్సెళ్లే ఇస్తుంది. 1200కి పెంచితే 7200 వస్తాయి గానీ, ప్రింటులోనే లేని వివరం స్కానరు పుట్టించలేదు. అందుకే నెగెటివ్ ఉందేమో అడగండి. 36 మిల్లీమీటర్ల వెడల్పున్న నెగెటివ్ 4000 డీపీఐలో దాదాపు 5670 పిక్సెళ్లు ఇస్తుంది. జేపెగ్ కాకుండా, వివరం పోగొట్టని 16 బిట్ టిఫ్ ఫైలుగా దాచండి. పత్రికలో అచ్చైన బొమ్మకు జూమ్ చేస్తే చుక్కల మీద అలల గీతలు లేస్తాయి. దాన్ని ఎక్కువ డీపీఐలో స్కాన్ చేసి, కొంచెం మసక చేసి, తర్వాత కుదించాలి.

పాత రీలును ప్రొజెక్టరులో ఎక్కించొద్దు. కుంచించుకుపోయిన ఫిల్ము పక్క రంధ్రాల దగ్గర చిరుగుతుంది. వెనిగర్ వాసన వస్తే అది పాడవడం మొదలైనట్టే. 1950ల తొలినాళ్ల దాకా వచ్చిన 35 ఎంఎం రీళ్లు ఇట్టే మంటలంటుకునే నైట్రేటు ఫిల్మువి కావచ్చు. అది అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. నేరుగా ఆర్కైవ్ ల్యాబుకే వెళ్లాలి.

మూకీ సినిమాలకు ఒకే వేగం అంటూ లేదు, చాలావాటిని సెకనుకు 16 నుంచి 18 ఫ్రేములతో తీశారు. మామూలు 8 ఎంఎంకు 16, సూపర్ 8కు 18 సాధారణం. 16 ఫ్రేముల ఫుటేజీని 24లో ఆడిస్తే మనుషులు ఒకటిన్నర రెట్ల వేగంతో గంతులేస్తారు. ల్యాబును ఫ్రేము ఫ్రేముగా స్కాన్ చెయ్యమని చెప్పి, ఎడిటింగు టైమ్‌లైనులో ప్రతి రెండో ఫ్రేమును ఒకసారి రిపీట్ చేస్తే సరిపోతుంది. సాఫ్ట్‌వేరుతో మధ్య ఫ్రేములు పుట్టిస్తే కదలిక నున్నగా వస్తుంది, కానీ కెమెరా ఎన్నడూ చూడని బొమ్మ అందులో చేరుతుంది. పాత 4:3 నిష్పత్తి ఫ్రేమును సాగదీసినా, తలలు నరికి ఇప్పటి వెడల్పు తెర 16:9లో ఇరికించినా అంతే అన్యాయం. పక్కల నల్లగా వదిలేయండి.

ఇంటర్వ్యూలో మీ ప్రశ్న ఎడిటింగులో పోతుంది కాబట్టి జవాబు పూర్తి వాక్యంలో చెప్పమనండి. ‘అవును, అప్పుడే’ అన్న జవాబు దేనికీ పనికిరాదు. అయిపోగానే అందరినీ కదలకుండా కూర్చోబెట్టి ఒక నిమిషం గది నిశ్శబ్దం రికార్డు చేసుకోండి, కోతల మధ్య అతుకులకు అదే దిక్కు.

ఫొటో ప్రింటు ఎవరి దగ్గరుందో వాళ్లే హక్కుదారులని అనుకోవద్దు. ఫొటోగ్రాఫరుకో, అతని వారసులకో, పత్రికకో కాపీరైటు ఉండొచ్చు. పాటకైతే రచన, స్వరాల హక్కులు వేరు, రికార్డింగు హక్కు వేరు. లైసెన్సులో ఏ దేశాలకు, ఎన్నేళ్లకు, ఏ వేదికలకు అన్నది చదివి సంతకం పెట్టండి. ఫిల్మ్ ఫెస్టివళ్ల వరకే తీసుకున్న అనుమతి ఓటీటీకి చెల్లదు, అప్పుడు మళ్లీ బేరానికి కూర్చోవాలి.