గ్రెయిన్ బౌండరీలో క్రోమియం తగ్గింది: తప్పు వేడిదా, రేడియేషన్‌దా?

స్టీలు చిన్న చిన్న స్ఫటికాల (గ్రెయిన్ల) కూర్పు; వాటి మధ్య సరిహద్దే గ్రెయిన్ బౌండరీ. తుప్పును ఆపే క్రోమియం అక్కడ తగ్గితే పగుళ్లకు దారి దొరుకుతుంది.

సమస్య: 304 స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకుకు వెల్డు పక్కనే సన్నటి పగుళ్లు. ఛత్రపురం ఇసుకలో మోనజైట్ (థోరియం ఉన్న రేడియోధార్మిక ఖనిజం) ఉంది కాబట్టి బరంపురం చుట్టుపక్కల కొందరు నేరం రేడియేషన్ మీదికి తోసేస్తారు.

కారణం: అది కాదు. రేడియేషన్ వల్ల మూలకాలు చోటు మారాలంటే పరమాణువులు లెక్కకు మించి స్థానభ్రంశం చెందాలి. సగటున ప్రతి పరమాణువూ ఒకసారి కదిలితే 1 డీపీఏ. మోనజైట్ ఆ దరిదాపులకు రాదు. పైగా స్టీలు కూడా 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. ఇక్కడి దోషి వెల్డింగే: 450–850 డిగ్రీల మధ్య స్టీలులోని కార్బన్ బౌండరీ దగ్గరి క్రోమియాన్ని కార్బైడ్‌గా లాగేసుకుంది, మిగతా పని ఉప్పుగాలి చేసింది.

పరిష్కారం: ఆ ముక్క కోసి, కార్బన్ 0.03 శాతం మించని 304ఎల్ వేయండి. పగులు మీద మళ్లీ వెల్డు పెడితే పక్కన ఇంకోటి పుడుతుంది.

సమస్య: బాయిలింగ్ వాటర్ రియాక్టర్ (నీటిని లోపలే మరిగించే అణు రియాక్టర్) లోపలి స్టీలు భాగం. కార్బైడ్లు లేవు, అయినా బౌండరీ వెంబడే పగులు.

కారణం: న్యూట్రాన్ తాకిడికి పుట్టిన ఖాళీలు (పరమాణువు లేచిపోయిన చోట్లు) గ్రెయిన్ బౌండరీకి చేరి మాయమవుతాయి. ఖాళీ ఇటు వస్తే పరమాణువు అటు పోవాలి. క్రోమియం వేగంగా కదులుతుంది కనుక ఎక్కువగా అదే వెళ్లిపోతుంది. నికెల్ నిదానం, అందుకే మిగిలిపోయి పోగవుతుంది. సిలికాన్ కూడా అక్కడికే చేరుతుంది. 18 శాతం ఉండాల్సిన క్రోమియం 12–13కి పడిపోవచ్చు. ఈ రియాక్టర్లలో సుమారు 5×10²⁰ న్యూట్రాన్లు/చ.సెం.మీ. దాటాక పగుళ్ల భయం మొదలవుతుంది.

తేడా పట్టేది వెడల్పుతోనే. వేడి వల్లయితే తగ్గుదల వందల నానోమీటర్లు పరుచుకుంటుంది, రేడియేషన్ వల్లయితే 5–10 దాటడం అరుదు.

పరిష్కారం: నీటిలో హైడ్రోజన్ కలిపి తుప్పు పొటెన్షియల్ (తుప్పును నడిపించే విద్యుత్ స్థాయి) తగ్గించడం. కొత్త స్టీలులో హాఫ్నియం, జిర్కోనియం వంటి పెద్ద పరమాణువులు కలిపితే అవి ఖాళీలను పట్టి ఉంచుతాయి.

సమస్య: టెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) కింద ఈడీఎస్ లైన్ స్కాన్ (ఎక్స్-రేలతో గీత వెంబడి మూలకాల కొలత) తీస్తే తగ్గుదలే కనిపించదు.

కారణం: చాలాసార్లు బౌండరీ వాలుగా ఉంటుంది. ఫాయిల్ (పలచగా చేసిన నమూనా) మందం 100 నానోమీటర్లయితే 5 డిగ్రీల వాలుకే దాదాపు 9 నానోమీటర్ల మేర చెరిగిపోతుంది. అంటే మీరు వెతికే వెడల్పంతా అందులోనే పోయింది.

పరిష్కారం: రెండు వైపుల అంచులూ కలిసి ఒక్క గీతగా కనబడే దాకా నమూనాను వంచండి. బీము 1 నానోమీటరు లోపు, కొలత బిందువుల మధ్య దూరం 1 నానోమీటరు, ఫాయిల్ వీలైనంత పలచన. మధ్యలో చిన్న మెట్టతో డబ్ల్యూ ఆకారం వస్తే పారేయకండి: బౌండరీలో ముందే పోగైన క్రోమియం తక్కువ డోసులో పూర్తిగా పోలేదన్న మాట.

సమస్య: న్యూట్రాన్లకు బదులు ల్యాబులో ప్రోటాన్లతో, రియాక్టర్ ఉష్ణోగ్రత 288 డిగ్రీల దగ్గర కొట్టినా రియాక్టర్ ఫలితం రాదు.

కారణం: డోసు రేటు. రియాక్టర్లో సెకనుకు సుమారు 10⁻⁷ డీపీఏ అయితే ప్రోటాన్ బీములో 10⁻⁵. ఖాళీలు, చోటు తప్పిన పరమాణువులు బౌండరీ చేరేలోపే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

పరిష్కారం: 2 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్లకు నమూనాను 360 డిగ్రీల దగ్గర ఉంచండి, ఆ వేడికి అవి త్వరగా కదిలి బౌండరీ చేరతాయి. ఆ రేటున 1 డీపీఏకి 28 గంటలు పడుతుంది. బీము చొచ్చుకుపోయేది 20 మైక్రాన్లే. చివరి రెండు మూడు మైక్రాన్లలో డోసు ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ లోతులో స్కాన్ తీయొద్దు.