పాత సైన్సు ఇంగ్లీషులో తెలియని మాట తగిలితే ఏం చేయాలి

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లలో బ్రిటిష్ కాలం నాటి కెమిస్ట్రీ పుస్తకమో ఇరిగేషన్ పుస్తకమో దొరికిందనుకోండి, లేదా నెట్‌లో స్కాన్ కాపీ దింపుకున్నారనుకోండి. రెండు పేజీలు తిప్పేసరికి 'ఆయిల్ ఆఫ్ విట్రియల్', 'స్పిరిట్ ఆఫ్ సాల్ట్', 'కాలింగులా' లాంటివి వచ్చి అడ్డం పడతాయి. ఫోన్‌లో విట్రియల్ అని కొడితే విషం కక్కే మాటలు అని అర్థం చూపిస్తుంది. అది తప్పు కాదు గానీ మీ పుస్తకానికి పనికిరాదు.

ముందు పుస్తకం అచ్చయిన సంవత్సరం చూడండి. చాలామంది నేరుగా నిఘంటువు మీద పడతారు, అక్కడే దారి తప్పుతుంది. 1850ల నాటి సర్వే కాగితాల్లో 'కంప్యూటర్' అని ఉంటే అది మిషన్ కాదు, లెక్కలు కట్టే మనిషి. ఎవరెస్ట్ ఎత్తు లెక్కలతో పేరొచ్చిన రాధానాథ్ సిక్దర్ చేసిన ఉద్యోగం పేరే కంప్యూటర్.

సంవత్సరం తర్వాత, ఆ మాట ఏ పనివాళ్లదో చూడండి. మన ఊళ్లోనే చూడొచ్చు ఈ తేడా. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోందంటే ఎలక్ట్రీషియన్ 'కండెన్సర్ పోయింది' అంటాడు, మే నెలలో ఏసీ చల్లబడకపోతే ఆ మెకానిక్కూ 'కండెన్సర్' అనే అంటాడు, కానీ రెండూ వేరు వేరు వస్తువులు. ఏసీలో ఉన్నది గ్యాస్‌ని ద్రవంగా మార్చేది. ఫ్యాన్‌లోది ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో కెపాసిటర్ అంటున్నది. దానికి కండెన్సర్ అన్న పేరు 1782లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా పెట్టిన పేరు నుంచి వచ్చింది, పుస్తకాలు వదిలేసినా రిపేర్ షాపులు వదల్లేదు. అందుకే పాత ఎలక్ట్రికల్ పుస్తకంలో మాట అర్థంకాకపోతే వయసు మళ్లిన మెకానిక్‌ని అడగడం మంచి పద్ధతి, నిఘంటువు కన్నా త్వరగా తేలుతుంది.

రసాయనాలకైతే ఇంకా దగ్గరి దారి ఉంది, పచారీ కొట్టు. గుంటూరు పట్నంబజారులో మైలుతుత్తం అంటే తెలియని పచారీ వ్యాపారి ఉండడు, పంట తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం కలిపే రైతుకూ తెలుసు. అదే పాత ఇంగ్లీషులో 'బ్లూ విట్రియల్', ఇప్పటి కాపర్ సల్ఫేట్. 'గ్రీన్ విట్రియల్' అంటే అన్నభేది. స్ఫటికాలు గాజులా మెరుస్తాయని లాటిన్‌లో గాజుకున్న 'విట్రమ్' నుంచి ఈ పేరు పెట్టారు. అన్నభేదిని బట్టీ పెట్టి దించిన చిక్కటి ద్రవమే 'ఆయిల్ ఆఫ్ విట్రియల్', అంటే గంధకామ్లం. నూనెలా జారుతుంది కాబట్టి ఆయిల్ అన్నారు, అంతే. 'స్పిరిట్ ఆఫ్ సాల్ట్' హైడ్రోక్లోరిక్ యాసిడ్, 'ఆక్వా ఫోర్టిస్' నైట్రిక్ యాసిడ్, 'సాల్ట్‌పీటర్' సురేకారం, 'సాల్ అమోనియాక్' కళాయి వేసేవాళ్లు వాడే నవాసారం. వీటికి తెలుగు పేరు దొరికితే సగం పని అయినట్టే, ఎందుకంటే మన పాత పేర్లు కూడా అదే కాలం నుంచి వాడుకలో ఉన్నాయి.

ఇక ధాతువు దగ్గర, అంటే మాట పుట్టిన మూలం దగ్గర జాగ్రత్త. గ్రీకులో ఇది, లాటిన్‌లో ఇది అని తెలియగానే అర్థం దొరికేసిందనుకుంటాం. కానీ పేరు పెట్టినవాడు ఆ రోజు ఏమనుకున్నాడో మాత్రమే ధాతువు చెబుతుంది, ఆ వస్తువు నిజంగా ఏమిటో చెప్పదు. ఆక్సిజన్ అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆమ్లాలన్నిటిలోనూ ఇది ఉంటుందని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజియే నమ్మి ఆ పేరు పెట్టాడు, 1810లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త డేవీ క్లోరిన్ కూడా ఒక మూలకమేనని చూపించి, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఆక్సిజనే లేదని తేల్చాక ఆ నమ్మకం నిలబడలేదు. పేరు మాత్రం మారలేదు. మన పాత పాఠ్యపుస్తకాలవాళ్లు దాన్ని 'ఆమ్లజని' అని మక్కికి మక్కి దించడంతో లావోయిజియే పొరపాటు తెలుగులోకీ వచ్చి కూర్చుంది! మలేరియా కూడా అంతే, ఇటాలియన్‌లో చెడ్డ గాలి అని. దోమ సంగతి రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో పట్టుకునేదాకా ఆ గాలి మీదే నింద.

కృష్ణా, గుంటూరు జిల్లాల రికార్డులు చదివేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషులా కనిపించే మాటలు కొన్ని అసలు మనవైపువే. బెజవాడలో 1855లో పూర్తయిన కట్టడాన్ని 'కిస్ట్నా అనికట్' అని రాసేవాళ్లు, అందులో అనికట్ తమిళం 'అణైక్కట్టు', మన ఆనకట్టకి చుట్టం. కాలింగులా అంటే చెరువు అలుగు. ఇలాంటివి ఆక్స్‌ఫర్డ్ కంటే 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో త్వరగా దొరుకుతాయి, అది నెట్‌లో ఉచితమే. కొలతల దగ్గర మాత్రం ఊరు కూడా చూడాలి: క్యాండీ అనే తూకమే తీసుకోండి, మద్రాసు క్యాండీ 500 పౌన్లు, అంటే 227 కిలోల దాకా, ఇవాళ గుంటూరు పత్తి వ్యాపారులు చెప్పే క్యాండీ దాదాపు 356 కిలోలు. రెండూ ఒకటే అనుకుని లెక్క కడితే పాత దిగుబడులన్నీ తారుమారవుతాయి.

వాట్సాప్‌లో తిరిగే పుట్టుక కథల్ని వెంటనే నమ్మకండి. కంప్యూటర్ 'బగ్' అనే మాట 1947లో హార్వర్డ్ మిషన్‌లో దొరికిన పురుగు వల్ల పుట్టిందంటారు. పురుగు దొరికిన మాట నిజమే, కానీ ఎడిసన్ 1878 ఉత్తరంలోనే మిషన్ లోపాలను బగ్స్ అని రాశాడు. గూగుల్ బుక్స్‌లో సంవత్సరాల పరిధి పెట్టి వెతికితే ఇలాంటి కథలు చాలావరకు అక్కడే తేలిపోతాయి.

వెతికేటప్పుడు స్పెల్లింగులు మార్చి చూడండి: కృష్ణాకి కిస్ట్నా, విజయవాడకి బెజ్వాడా. 1800కి ముందు అచ్చయినవైతే మాట మధ్యలోనూ మొదట్లోనూ వచ్చే ఎస్ పొడుగ్గా, ఎఫ్ లాగా ఉంటుంది, స్కాన్ చేసే సాఫ్ట్‌వేర్ దాన్ని ఎఫ్ అనే చదివేస్తుంది. సల్ఫర్ కోసం వెతికితే ఏమీ రాలేదంటే, మొదటి ఎస్ తీసేసి ఎఫ్ పెట్టి మళ్లీ కొట్టండి.